పూడిక, కాలుష్యాల గణిత మోడలింగ్: మూసీ ఒడ్డున నాచారం, ఉప్పల్

నదిలోనూ జలాశయంలోనూ ఇసుక, ఒండ్రు, బంకమట్టి ఎక్కడ లేస్తాయో, ఎక్కడ మేట వేస్తాయో, వాటిని అంటిపెట్టుకుని ఏ మాలిన్యాలు ఎంత దూరం పోతాయో లెక్కగట్టే శాస్త్రాన్ని పూడిక, కాలుష్య మోడలింగ్ అంటారు. ఆనకట్ట ఎన్నేళ్లు పనికొస్తుంది, మురుగు శుద్ధి కేంద్రం కడితే దిగువ పల్లెలకు ఎంత మేలు జరుగుతుంది, చెరువులో పూడిక తీయడం మంచిదా చెడ్డదా వంటి నిర్ణయాలకు ఈ లెక్కలే ఆధారం. తెలుగునాట ఈ శాస్త్రం అవసరం ఎక్కువగా ఉన్న చోట్లలో హైదరాబాదు తూర్పు అంచు ఒకటి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడలు, వాటి మధ్య చెరువులు, దిగువన నాగోలు దగ్గర మూసీ ఇక్కడ ఒకే నీటి వాలులో ఉన్నాయి. మూసీ లాంటి నదిలో కాలుష్యాన్ని నీటిలో మాత్రమే వెతికితే సగం లెక్కే తేలుతుందని, మిగతా సగం బురదలో ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. నీటిని, బురదను, విషాన్ని ఒకే లెక్కలో కలిపి చూడాలి. ఆ లెక్కను కొలతలతో పరీక్షించాలి. ఈ రెండూ జరగనప్పుడు కోట్లు ఖర్చయినా నది బాగుపడిందో లేదో చెప్పడానికి ఆధారం దొరకదు.

నది, చెరువులు, నాలాలు

మూసీ వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు వెలిశాయి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం వీటికి అప్పగించిన పనులు. ఎవరూ అప్పగించని మూడో పని కూడా ఇవి చేస్తున్నాయి. ఎగువ పొలాల నుంచి కొట్టుకొచ్చే మట్టిని తమ కడుపులో నిలుపుకుంటున్నాయి. అందువల్ల ఇవి దాటి నగరంలోకి వచ్చే నీటిలో మట్టి తక్కువ. ఈసీ, మూసీ కలిసే బాపూఘాట్ నుంచి నాగోలు దాకా నది అడుగున పేరుకునే బురదలో పెద్ద వాటా నగరంలోనే పుట్టినదై ఉండాలి. రోడ్ల దుమ్ము, కట్టడాల నుంచి జారిన ఇసుక, సిమెంటు, మురుగులోని ఘనపదార్థం, పారిశ్రామిక వ్యర్థం కలిసిన బురద అది. పొలాల ఒండ్రుతో సాధారణ నదికి రాసిన సూత్రాలను ఈ బురదకు యథాతథంగా వర్తింపజేయలేకపోవడానికి ఇది మొదటి కారణం.

నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ నేల మొత్తం మీద మూసీ వైపు వాలి ఉంటుంది. నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువు, ఉప్పల్ నల్లచెరువు ఈ వాలులో వెలసినవే. ఎగువ చెరువు అలుగు పారితే నీరు దిగువకు, చివరకు నదికి చేరేలా మన పెద్దలు చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. నేటి శాస్త్ర పరిభాషలో ప్రతి చెరువూ ఒక పూడిక ఉచ్చు. వాన నీటిలోని మట్టి అక్కడ దిగిపోయి, తేట నీరు అలుగు దాటేది. ఇప్పుడు శిఖం భూములు (చెరువు నీరు నిలిచే నేలలు) కుంచించుకుపోయాయి, కాలువలు మురుగు నాలాలయ్యాయి. చెరువు లోతు తగ్గిన కొద్దీ మట్టిని పట్టే శక్తి తగ్గి, అదంతా మూసీ మీద పడుతుంది. 2020 అక్టోబరు 13న ఉప్పల్‌కు తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వానకు హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ ప్రాంతాల్లో చెరువుల కింది కాలనీలు మునిగాయి. ఇళ్లలో మిగిలిన బురదను అందరూ చూశారు. ఆ రాత్రి నదిలోకి వెళ్లిన బురద ఎంతో చెప్పాలంటే మాత్రం కొలతలు, మోడలింగ్ తప్ప వేరే దారి లేదు.

రేణువు ప్రయాణం

పూడిక లెక్క రేణువు పరిమాణంతో మొదలవుతుంది. నిశ్చలమైన నీటిలో సన్నని రేణువు ఎంత వేగంతో దిగుతుందో 1851లో జార్జ్ స్టోక్స్ సూత్రీకరించాడు. వ్యాసం పదింతలు తగ్గితే దిగే వేగం నూరింతలు తగ్గుతుంది. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న సన్న ఇసుక మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. నూరోవంతు ఉన్న ఒండ్రుకు మూడు గంటలు కావాలి. వెయ్యోవంతు ఉన్న బంకమట్టి రేణువుకు దాదాపు 13 రోజులు పడుతుంది. మూసీ ఒకే చోట ఇసుకను, బంకమట్టిని మోస్తున్నా అవి రెండు వేర్వేరు నదుల్లో ఉన్నట్టే ప్రయాణిస్తాయి. ఇసుక నాలా నోటి దగ్గరే మేట వేస్తుంది. బంకమట్టి వరద ఉన్నంతకాలం నీటిలోనే ఉండి, కృష్ణ దాకా పోగలదు.

దిగిన రేణువు మళ్లీ లేవాలంటే ప్రవాహం అడుగును ఒక మోతాదుకు మించి రాపాడాలి. ఆ మోతాదును ఇసుకకు 1936లో ఆల్బర్ట్ షీల్డ్స్ ప్రయోగాలతో నిర్ణయించాడు. అడుగున దొర్లే ఇసుకకు 1948లో మేయర్ పీటర్, ముల్లర్ సూత్రం ఇచ్చారు. 1950లో హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ సంభావ్యత ఆధారంగా మరో సిద్ధాంతం నిర్మించాడు. ఇతను ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ కుమారుడు. ఒక చోటికి వచ్చిన మట్టికీ, అక్కడి నుంచి పోయిన మట్టికీ ఉన్న తేడాయే అడుగు ఎత్తులో మార్పు అని చెప్పే ఎక్స్‌నర్ సమీకరణం అన్ని పూడిక మోడళ్లకూ వెన్నెముక.

బంకమట్టి విషయంలో ఈ సూత్రాలు చాలవు. దాని రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుచ్ఛాలవుతాయి. గుచ్ఛమైతే త్వరగా దిగుతుంది. పూర్వం పల్లెల్లో బురద నీటిని తేర్చడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. అది చేసే పని ఇదే. మురుగులోని సేంద్రియ పదార్థమూ, లవణాలూ మూసీలో ఇలాంటి గుచ్ఛాలను నిరంతరం తయారుచేస్తుంటాయి. అడుగు చేరాక ఆ బురద రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. నిన్న దిగిన బురదను చిన్న ప్రవాహమే లేపుతుంది, నిరుడు దిగినదాన్ని పెద్ద వరద మాత్రమే లేపుతుంది. ఇలాంటి జిగట బురద దిగడానికీ లేవడానికీ 1960లలో క్రోన్, పార్థెనియాడెస్ ఇచ్చిన సూత్రాలను ఇప్పటికీ వాడుతున్నారు. అయితే వాటిలోని స్థిరాంకాలు పుస్తకంలో దొరకవు. ఏ నది బురదను ఆ నది నుంచే తీసి పరీక్షించాలి.

బురదకు అంటిన విషం

కాలుష్య మోడలింగ్ చరిత్ర 1925లో అమెరికాలోని ఒహాయో నది మీద స్ట్రీటర్, ఫెల్ప్స్ చేసిన అధ్యయనంతో మొదలైందని చెబుతారు. మురుగు కుళ్లడానికి ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుంది, గాలి నుంచి ఎంత తిరిగి వస్తుంది అన్న రెండింటి తేడాను వారు లెక్కగట్టారు. కుళ్లడానికి కావలసిన ఆ ప్రాణవాయువు పరిమాణాన్నే బీఓడీ అంటాం. స్నానానికి తగిన నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. 30 దాటిన నదీ భాగాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అత్యంత కలుషితమైన మొదటి శ్రేణిలో పెడుతుంది. 2018 నివేదికలో మూసీ ఆ శ్రేణిలోనే ఉంది. ప్రాణవాయువు పూర్తిగా అయిపోయిన నదిలో స్ట్రీటర్, ఫెల్ప్స్ లెక్క చెల్లదు. అక్కడ కుళ్లడం అడుగు బురదలో గాలి లేకుండానే సాగి, మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు పుడతాయి. పైనుంచి వచ్చే మురుగును ఆపేసినా అడుగు బురద ప్రాణవాయువును పీలుస్తూనే ఉంటుంది. మోడల్‌లో ఈ అడుగు గిరాకీని చేర్చకపోతే, శుద్ధి కేంద్రం మొదలైన మర్నాడే నది బాగుపడుతుందన్న తప్పు జవాబు వస్తుంది.

లోహాల సంగతి మరింత కీలకం. సీసం, క్రోమియం, జింకు, రాగి వంటివి నీటిలో కరిగి ఉండటం కన్నా సన్న మట్టికి అంటుకుని ఉండటానికే ఎక్కువ మొగ్గు చూపుతాయి. ఒకే బరువు మట్టి పదింతలు చిన్న రేణువులుగా ఉంటే దాని ఉపరితలం పదింతలు పెరుగుతుంది. అంటుకునే చోటు కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి సన్న బురద ఎక్కడికి పోతే లోహం అక్కడికి పోతుంది. హైదరాబాదు చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడల మట్టిలో లోహాల మీద విలువైన అధ్యయనాలు చేసిన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాటేదాన్, పటాన్‌చెరు వంటి వాడల నేలను పరిశీలించారు. పటాన్‌చెరు నుంచి నక్కవాగు పరిసరాల భూగర్భజలంలోకి వ్యర్థాలు ఎలా పాకుతున్నాయో కంప్యూటర్ మోడల్ తయారుచేసి, 2001లో ఫలితాలు ప్రచురించారు. అంటే ఈ విద్య నాచారానికి పొరుగునే ఉంది. భూగర్భజలానికి చేసిన పనిని నదీ అడుగుకు కూడా విస్తరించాలి.

ఔషధ వ్యర్థాలు బురద ప్రాధాన్యాన్ని మరింత పెంచాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. 2011లో మరో అధ్యయనం ఆ దిగువ వాగు అడుగు బురదలో మందులకు లొంగని బాక్టీరియా జన్యువులు అసాధారణ స్థాయిలో ఉన్నాయని చూపింది. నీటి నమూనా ఆ రోజు సంగతి చెబుతుంది, బురద ఏళ్ల సంగతి చెబుతుంది. అందుకే పరిశోధకులు బురదను తవ్వారు. ఔషధ, రసాయన పరిశ్రమలున్న నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడల దిగువన ఉన్న చెరువులకు కూడా ఇదే పద్ధతి వర్తించాలి.

మోడళ్లలో రకాలు

అన్నిటికన్నా సరళమైనది జమాఖర్చు మోడల్. వచ్చిన మట్టిలోంచి పోయిన మట్టి తీసేస్తే మిగిలిందే మేట. చిన్న చెరువుకు ఇది చాలు. దీనికి తోడుగా 1953లో గున్నార్ బ్రూన్ గీసిన వక్రరేఖను వాడతారు. ఏడాదిలో వచ్చే నీటికి జలాశయ సామర్థ్యం ఎన్నో వంతో తెలిస్తే, వచ్చిన మట్టిలో ఎంత ఆగుతుందో అది సుమారుగా చెబుతుంది. ఏడాది నీటినంతా పట్టగలిగిన జలాశయం మట్టిలో 95 శాతానికి పైగా ఆపుతుంది. నూరోవంతు మాత్రమే పట్టగలిగిన చెరువు సగానికి లోపే ఆపుతుంది. పూడుకుపోతున్న నాచారం చెరువు లాంటివి ఈ వక్రరేఖ మీద ఏటేటా కిందికి జారుతుంటాయి.

తరువాతి మెట్టు ఒక దిశ మోడల్. నదిని పొడవునా ముక్కలు చేసి, ప్రతి ముక్కలో నీటి మట్టం, వేగం, మట్టి, మాలిన్యం లెక్కిస్తారు. అమెరికా సైన్యపు ఇంజనీర్లు రూపొందించిన హెక్‌రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మన ఇంజనీరింగు కళాశాలల్లోనూ వాడుకలో ఉంది. మూసీ లాంటి పొడవాటి నదికి ఇది సరిపోతుంది. చెరువులోనూ, నాలా నదిలో కలిసే చోటా నీరు అడ్డంగా తిరుగుతుంది కాబట్టి రెండు దిశల మోడల్ కావాలి. లోతైన జలాశయంలో పై పొర వేడిగా, అడుగు పొర చల్లగా విడిపోయినప్పుడు నిలువు దిశను కూడా లెక్కించే మోడల్ తప్పదు. వీటన్నిటికీ ముందు, వాన పడిన నేల నుంచి ఎంత మట్టి కదులుతుందో చెప్పే పరివాహక మోడల్ కావాలి. సాగు భూమికి విష్‌మెయర్, స్మిత్‌ల నేలకోత సమీకరణం ఇందుకు పేరుపొందింది. కాంక్రీటు, తారు పరచిన ఉప్పల్‌కు ఆ సమీకరణం పొసగదు. నగరంలో పొడి రోజుల్లో రోడ్ల మీద పేరుకున్న దుమ్మును మొదటి వాన కడిగి నాలాలో పోసే తీరును విడిగా లెక్కించాలి. తొలకరి వానలో మూసీ నల్లగా పారడానికి ఈ కడుగుడూ, అడుగు బురద లేవడమూ కారణాలు.

జలాశయాలు నేర్పిన పాఠం

కొలతలు లేని అంచనా ఎంత దూరం తప్పగలదో మంజీర మీది నిజాంసాగర్ చూపుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయంలో ఏటా 530 ఎకరా అడుగుల పూడిక చేరుతుందని రూపకర్తలు అనుకున్నారు. తరువాతి సర్వేల్లో అది 8,725 ఎకరా అడుగులని తేలింది. అంటే 16 రెట్లకు పైగా. టీఎంసీల్లో (వంద కోట్ల ఘనపు అడుగులు ఒక టీఎంసీ) చెబితే ఏటా సుమారు 0.38. మొదట 29.7 టీఎంసీలు పట్టిన జలాశయం దారుణంగా పూడిపోయింది. ఆ తరువాత నీటి మట్టం పెంచి సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలకు తేవలసి వచ్చింది. ఆ కాలపు ఇంజనీర్లకు ప్రతిభ కొరవడి ఈ తప్పు జరగలేదు. నదిలో మట్టిని ఏళ్లతరబడి కొలిచిన రికార్డు వారి చేతిలో లేదు. శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 215.8కి, నాగార్జునసాగర్ 408 నుంచి 312కి, శ్రీరాంసాగర్ 112 నుంచి 80.5కి తగ్గినట్టు సర్వేలు చెబుతున్నాయి. తెలుగు రాష్ట్రాల సాగునీటి తగవుల్లో ప్రతి టీఎంసీకీ విలువ ఉంది. పూడిక అంచనా ఈ తగవుల్లో నేరుగా భాగం.

కొలత ఒక్కటే ఉంటే చాలదని తుంగభద్ర నేర్పుతుంది. 2008 సర్వేలో 100.86 టీఎంసీలుగా తేలిన సామర్థ్యం, 2016 సర్వేలో 105.79గా వచ్చింది. మధ్యలో దాదాపు 5 టీఎంసీల పూడిక దానంతటదే మాయం కాదు. సర్వే పద్ధతుల్లోని తేడాయే ఇందులో పెద్ద భాగం అనుకోవడం సమంజసం. ధ్వని తరంగాలతో లోతు కొలిచే సర్వేకూ, ఉపగ్రహ చిత్రాల్లో నీటి పరుపు చూసి సామర్థ్యం గట్టే పద్ధతికీ వేర్వేరు దోషాలుంటాయి. అందుచేత కొలతకు దోషపు హద్దు ఎంతో చెప్పాలి, మోడల్‌ను ఆ హద్దుతో కలిపి చదవాలి. ఈ రెండు పాఠాలూ పెద్ద జలాశయాలవే అయినా, నాచారం చెరువుకూ నాగోలు దగ్గరి మూసీకీ అలాగే వర్తిస్తాయి.

ఉప్పల్ దిగువన కత్వల సాక్ష్యం

ఒకప్పుడు వానాకాలం నది అయిన మూసీ, నగరపు మురుగు వల్ల ఇప్పుడు ఏడాది పొడవునా పారుతోంది. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు రైతులు ఈ నీటితో వరి, పశువులకు పారా గడ్డి పండిస్తారు. నదికి అడ్డంగా పాతకాలం కత్వలు, అంటే చిన్న ఆనకట్టలు, ఉన్నాయి. వాటి నుంచి కాలువలు పొలాలకూ, ఏదులాబాద్ చెరువు లాంటి వాటికీ నీరు తీసుకెళ్తాయి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ భాగంలో చేసిన పరిశీలన ఈ వ్యాసం వాదనకు చాలా ముఖ్యం. నగరం నుంచి దిగువకు సుమారు 40 కిలోమీటర్లు పోయేసరికి బీఓడీ, మల బాక్టీరియా, నులిపురుగుల గుడ్లు గణనీయంగా తగ్గిపోయాయి. కత్వల వెనుక నీరు నిలవడమే ఇందుకు ముఖ్య కారణమని వారు గుర్తించారు.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. నది తనను తానే శుద్ధి చేసుకుంటోంది కాబట్టి భయం లేదనుకోవడం ఒకటి. జమాఖర్చు రాసి చూడటం రెండోది. బీఓడీలో కొంత నిజంగా కుళ్లి పోయింది, బాక్టీరియాలో చాలా భాగం నిజంగా చచ్చింది. ఆ మేరకు నది బాగుపడిన మాట నిజమే. నులిపురుగుల గుడ్లు మాత్రం కత్వ వెనుక బురదలోకి దిగాయి, అక్కడ నెలల తరబడి బతకగలవు. మట్టికి అంటిన లోహాలు అసలు కుళ్లవు, చావవు. నీటి పరీక్ష కాగితం మీద అవి కనిపించకపోవచ్చు. వాటి చిరునామా మారింది, అంతే. పెద్ద వరద వచ్చి కత్వ వెనుక బురదను లేపితే, ఏళ్లుగా పోగైన మాలిన్యం కొన్ని గంటల్లో పొలాల మీదికీ, సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు వైపుకూ సాగిపోతుంది. ఇది జరుగుతుందా, ఎంత వరదకు జరుగుతుంది అన్న ప్రశ్నకు నీటి నమూనా జవాబు చెప్పలేదు. బురదతో కూడిన మోడల్ చెప్పగలదు.

అభ్యంతరాలు

మూసీలో మురుగు పారుతోందని ఎవరికైనా కనబడుతూనే ఉంది, శుద్ధి కేంద్రాలు కడితే పోయేదానికి ఇన్ని లెక్కలెందుకు అన్నది మొదటి అభ్యంతరం. శుద్ధి కేంద్రాలు అవసరమే. 2021లో రూపొందిన ప్రణాళిక ప్రకారం నగర పాలక సంస్థ పరిధిలో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుండగా, 77.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే సామర్థ్యమే అప్పట్లో ఉండేది. అందుకే 31 కొత్త కేంద్రాలు తలపెట్టారు. వాటిలో నాచారం పెద్ద చెరువు దగ్గర రోజుకు 1.75 కోట్ల లీటర్లది, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 8.65 కోట్ల లీటర్లది, నాగోలులో 32 కోట్ల లీటర్లది ఉన్నాయి. అయితే ఇంటి మురుగును శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రం లోహాలను నాశనం చేయదు. కొన్నిటిని తన బురదలోకి చేర్చి, మిగిలినవాటిని వదిలేస్తుంది. వాన రోజున నాలా పొంగితే ఆ నీరు కేంద్రాన్ని దాటిపోతుంది. ఇప్పటికే అడుగున ఉన్న పాత బురద సంగతి దానికి పట్టదు. కేంద్రం కట్టాక నది ఎన్నాళ్లకు, ఏ మేరకు బాగుపడుతుందో ముందే చెప్పి, తరువాత సరిచూసుకుంటేనే ప్రజాధనానికి లెక్క ఉంటుంది.

పూడిక తవ్వి పారేస్తే పోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువు మట్టిని పొలాలకు తోలుకుంటే నేల బాగుపడింది. పల్లె చెరువు ఒండ్రుకు అది సరైన దారి. పారిశ్రామిక వాడ దిగువ చెరువుకు అదే సూత్రం ప్రమాదం తెస్తుంది. గాలి తగలని అడుగున లోహాలు గంధకంతో కలిసి సల్ఫైడులుగా కట్టుబడి ఉంటాయి. ఆ బురదను తవ్వి గట్టున పోస్తే గాలి తగిలి సల్ఫైడులు విడిపోతాయి, లోహం కరిగి నీటిలోకీ మొక్కలోకీ వెళ్లడానికి సిద్ధమవుతుంది. ఇనుముకు అంటి ఉన్న భాస్వరం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుస్తుంది. అడుగున గాలి లేనప్పుడే అది విడుదలై గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. ఒక మాలిన్యానికి మేలు చేసే పని మరోదానికి కీడు చేస్తుంది. ఎక్కడ తవ్వాలి, ఎంత లోతు తవ్వాలి, తవ్వింది ఎక్కడ పోయాలి అని ముందే లెక్క చూసుకోవాలి. గుడ్డిగా తవ్వితే మాలిన్యాన్ని చెరువు నుంచి ఊరి మీదికి మార్చినట్టవుతుంది.

మూడో అభ్యంతరం బలమైనది. పూడిక సూత్రాలు కచ్చితమైనవి కావు, కొలిచినదానికి రెండింతల లోపు జవాబు వస్తేనే మంచి ఫలితమని నిపుణులే అంటారు, స్థిరాంకాలు సవరిస్తే మోడల్ కోరిన జవాబు చెబుతుంది. ఇది నిజం. అందుకే ఈ విద్యలో రెండు పరీక్షలు ఉంచారు. కొన్నేళ్ల కొలతలతో స్థిరాంకాలు సరిచేయాలి. ఆ తరువాత వాటిని ముట్టుకోకుండా, మోడల్ ఎన్నడూ చూడని వరదకు జవాబు చెప్పించి, కొలతతో పోల్చాలి. రెండో పరీక్ష తప్పిన మోడల్‌ను నిర్ణయాలకు వాడకూడదు. పైగా రెండింతల దోషం ఉన్న అంచనా కూడా, నిజాంసాగర్‌లో జరిగిన పదహారింతల పొరపాటు కన్నా ఎంతో మేలు. మోడల్ లేకుండా నిర్ణయం తీసుకున్నా అంచనా లేకుండా పోదు. అది ఎవరి మనసులోనో దాగి ఉండి, ఎవరూ ప్రశ్నించలేనిదవుతుంది. కాగితం మీద రాసిన లెక్కను ఎవరైనా తప్పుపట్టవచ్చు. ప్రజాస్వామ్యంలో అది చిన్న మేలు కాదు.

గోదావరి నీటితో ఒక లెక్క

చిన్న మోడల్ కూడా పెద్ద నిర్ణయాన్ని ఎలా వెలుగులోకి తెస్తుందో చూద్దాం. మల్లన్నసాగర్ జలాశయం నుంచి తెచ్చే గోదావరి నీటిలో 2.5 టీఎంసీలను మూసీ పునరుజ్జీవనానికి కేటాయించారు. ఒక టీఎంసీ 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 2.5 టీఎంసీలను ఏడాది పొడవునా సమంగా వదిలితే రోజుకు 19.4 కోట్ల లీటర్లు వస్తుంది. నగరపు మురుగంతా శుద్ధయి, బీఓడీ 10తో నదిలో చేరుతుందని, గోదావరి నీటికి బీఓడీ సున్నా అని ఉదారంగా అనుకుందాం. 165 కోట్ల లీటర్లకు 19.4 కోట్ల లీటర్లు కలిస్తే బీఓడీ 10 నుంచి 9కి దిగుతుంది. వేసవి నాలుగు నెలలకే కుదించి వదిలితే సుమారు 7.4కి దిగుతుంది. స్నానయోగ్యతకు కావలసిన 3కి ఇది దూరమే. మంచినీరు కలపడం శుద్ధికి తోడు కాగలదు, దాని స్థానాన్ని తీసుకోలేదు.

ఇక బురద మాట. ప్రవాహం అడుగును రాపాడే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. నీరు పెంచి వదిలినప్పుడు అడుగున మెత్తగా పడుకున్న బురద లేస్తే, తొలి రోజుల్లో నాగోలు దిగువ రైతుకు అందే నీరు ఇంతకు ముందు కన్నా అధ్వానంగా ఉండవచ్చు. నెమ్మదిగా వదిలితే లేవకపోవచ్చు. ఎంత వేగం దగ్గర లేస్తుందో తెలియాలంటే బాపూఘాట్ నుంచి పీర్జాదిగూడ దాకా అడుగు బురదను గొట్టాలతో తీసి, దాని గట్టిదనాన్ని, రేణువు పరిమాణాన్ని, లోహాలను పొరలవారీగా కొలవాలి. వేల కోట్ల పనుల్లో ఈ పరీక్షల ఖర్చు చాలా స్వల్పం.

జరగవలసిన కొలత

మొదటి అవసరం వరద రోజుల కొలత. నదిలో మట్టి పరిమాణం సాధారణంగా ప్రవాహపు వర్గానికి దగ్గరగా పెరుగుతుంది. అంటే ప్రవాహం పదింతలైతే మట్టి నూరింతలవుతుంది. ఏడాది మట్టిలో అధిక భాగం కొద్ది రోజుల్లోనే పోతుంది. నెలకోసారి తీసే నీటి నమూనా ఆ రోజులను దాదాపు ఎప్పుడూ పట్టుకోలేదు. నాచారం, ఉప్పల్ నాలాల మీద నీటి మట్టాన్నీ మకిలినీ నిరంతరం నమోదు చేసే పరికరాలు ఉంచాలి. వానకు దానంతటదే నమూనా పట్టే యంత్రాలు కూడా కావాలి. రెండోది, చెరువుల అడుగు సర్వే. నాచారం పెద్ద చెరువు, నల్లచెరువు, రామంతాపూర్ చెరువుల లోతును కొన్నేళ్లకోసారి కొలిస్తే ఎగువ వాలు నుంచి వచ్చే మట్టి లెక్క దానంతటదే తేలుతుంది. ఈ చెరువులు మన పెద్దలు పెట్టిపోయిన కొలపాత్రలు. మూడోది, ఆ కొలతలు అందరికీ అందుబాటులో ఉండటం. భూభౌతిక సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం, బాలానగర్‌లోని జాతీయ దూరగ్రహణ కేంద్రం, హిమాయత్‌సాగర్ దగ్గరి ఇంజనీరింగు పరిశోధన ప్రయోగశాల ఈ ఒక్క నగరంలోనే ఉన్నాయి. ఒక నదికి ఇంత పాండిత్యం ఇంత దగ్గరలో ఉండటం అరుదు. వీటి కొలతలు ఒకే పట్టికలోకి వస్తే మూసీకి నమ్మదగిన మోడల్ నిర్మించడం కష్టమేమీ కాదు.

మూసీని శుభ్రం చేస్తామని చెప్పే ప్రతి ప్రణాళిక మూడు అంకెలు ముందుగా ప్రకటించాలి. నాగోలు దగ్గర ఏటా ఎంత బురద దాటుతోంది, అందులో ఎంత విషం ఉంది, పథకం పూర్తయ్యాక ఏ సంవత్సరానికి అది ఎంతకు తగ్గుతుంది. ఈ మూడింటికీ దోషపు హద్దులు చెప్పి, ఏటా కొలిచి సరిచూపించాలి. పీర్జాదిగూడలో గడ్డి కోసే రైతు కూడా ఆ అంకెలను చదివి, తన నీరు మెరుగుపడుతోందో లేదో అధికారిని అడగగలగాలి. నదుల మోడలింగ్ విద్య సమాజానికి బాకీ ఉన్నది ఈ జవాబుదారీతనమే.